తలుపుకు రెండు ధర్మాలు: భవనాల్లో చోర నివారణ, అగ్నిరక్షణ వ్యవస్థల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
భవనాలలో దొంగతనాన్ని అడ్డుకొనే వ్యవస్థలూ, అగ్నిప్రమాదం నుంచి కాపాడే వ్యవస్థలూ నేడు ఒకే గదిలో, ఒకే ప్యానెల్ పక్కన కనిపిస్తాయి. తెలుగులో రెండింటినీ 'భద్రత' అనే ఒక్క మాటతోనే వ్యవహరిస్తున్నాం. అయితే మొదటిది తలుపు మూసి ఉండాలని కోరుతుంది, రెండవది అదే తలుపు తెరుచుకోవాలని కోరుతుంది. ఈ వైరుధ్యం చరిత్రలో ఎక్కడ, ఎలా బయటపడిందో, దానికి ఏ పరిష్కారాలు వచ్చాయో, తెలుగు రాష్ట్రాల చట్టాలలో అది ఏ రూపంలో నిలిచి ఉందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: భద్రత, అగ్నిరక్షణ, అలారం, అత్యవసర ద్వారం, ప్యానిక్ బార్, ఉపహార్, ఎలక్ట్రానిక్ తాళం.

1. ఉపోద్ఘాతం:

నేను నివసించే అపార్టుమెంటులో రాత్రి 11 గంటలకు మెట్ల దగ్గరి ఇనుప గేటుకు తాళం వేస్తారు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. వాచ్‌మన్ సెల్లారులో నిద్రపోతాడు. ఒక రాత్రి విద్యుత్ మీటర్ల పెట్టెలో నిప్పు రాజుకొని మెట్ల నిండా పొగ కమ్మినప్పుడు మేము నలభైమందిమి ఆ గేటు లోపలి వైపు నిలబడి వాచ్‌మన్‌ను కేకలు వేసి లేపవలసి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. మరునాడు జరిగిన సమావేశంలో మాత్రం చర్చంతా మీటర్ల పెట్టె గురించే జరిగింది. గేటు గురించి ఎవరూ మాట్లాడలేదు. "గేటు మన భద్రత కోసమే కదా" అని ఒక పెద్దాయన అన్న మాటే ఈ వ్యాసానికి ప్రేరణ.

'భద్రత' అన్న పదాన్ని మనం రెండు అర్థాలలో వాడుతున్నాం. పరాయివాడు లోపలికి రాకుండా చూసుకోవడం ఒకటి. లోపల ఉన్నవాడు ప్రాణంతో బయటపడేలా చూసుకోవడం మరొకటి. ఇంగ్లీషులో 'సెక్యూరిటీ', 'సేఫ్టీ' అని రెండు మాటలున్నాయి. మన వాడుకలో 'సేఫ్టీ' ఉపకరణాలకూ, హెల్మెట్లకూ పరిమితమైంది. 'సెక్యూరిటీ' ఏకంగా మనిషి పేరైపోయింది. "సెక్యూరిటీని పిలవండి" అంటే యూనిఫారం వేసుకున్న కాపలాదారును పిలవమని అర్థం. ప్రభుత్వ పరిభాషలో నిలిచిన 'అగ్నిమాపక' అనే పదం కూడా విచిత్రమైనదే. సంస్కృతంలో మాపకమంటే కొలిచేది. ఉష్ణమాపకం అంటే అందరికీ తెలుసు. ఈ లెక్కన అగ్నిమాపకదళం నిప్పును కొలిచే దళం కావాలి. తెలుగు 'మాపు' ధాతువుకు సంస్కృత ప్రత్యయం తగిలించి చేసిన మిశ్రపదంగా దీన్ని భావించాలి. హిందీవారి 'అగ్నిశమన్' ఈ చిక్కు లేని పదం.

పదాల చర్చ ఇక్కడ అప్రస్తుతం కాదు. రెండు అవసరాలకు ఒకే పేరు ఉన్నచోట, వాటి మధ్య తగవు ఉందన్న సంగతి మరుగున పడుతుంది.

2. లక్క ఇల్లు, నాగరకుడు:

మన సాహిత్యంలో అగ్నిరక్షణ ప్రస్తావన అనగానే గుర్తుకు వచ్చేది భారతంలోని లక్క ఇంటి కథ. ఆదిపర్వంలోని ఆ కథను తెలుగులో నన్నయ చెప్పాడు. దాన్ని సాధారణంగా కుట్ర కథగా చదువుతాం. భవనరక్షణ దృష్టితో చదివితే అందులో మూడు అంశాలు కనిపిస్తాయి. మొదటిది, ఇంటి నిర్మాణ సామగ్రే ఇంధనం. రెండవది, ద్వారం దగ్గర పురోచనుడు నిరంతరం కాపలా ఉంటాడు. చూసేవారికి అది రాజపుత్రులకు కల్పించిన రక్షణ, వాస్తవంలో నిర్బంధం. మూడవది, విదురుడు పంపిన ఖనకుడు తవ్విన సొరంగం. అంటే ప్రధాన ద్వారంతో సంబంధం లేని రెండవ నిష్క్రమణ మార్గం. అడవి కాలుతున్నా కలుగులో ఉన్న జీవి బతుకుతుందని విదురుడు గూఢంగా చేసిన హెచ్చరిక సారాంశం కూడా ఇదే.

పాండవులు ఆ దారిన బయటపడ్డారు. పురోచనుడు కాలిపోయాడు. వీరితోపాటు ఆ రాత్రి విందుకు వచ్చి అక్కడే నిద్రపోయిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులూ కాలిపోయారు. సొరంగం ఉన్నదని వారికి తెలియదు. మార్గం ఉండటం, అది ఉన్నదని లోపలివారికి తెలియడం వేరువేరు విషయాలని ఆధునిక అగ్నిరక్షణ శాస్త్రం గ్రహించడానికి చాలా కాలం పట్టింది.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగర పాలనాధికారి అయిన నాగరకుని విధులు చెప్పిన అధ్యాయం ఈ సందర్భంలో గమనించదగినది. రాత్రి సంచారంపై ఆంక్షలు, అనుమానితులపై నిఘా, వేసవిలో అగ్నిప్రమాద నివారణ అన్నీ ఆ ఒక్క అధికారి బాధ్యతలే. ఇళ్లలో నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, కొక్కెం మొదలైనవి సిద్ధంగా ఉంచాలి. వీధుల్లో వరుసగా నీటిపాత్రలు ఉండాలి. కాలుతున్న ఇంటిని ఆర్పడానికి పరుగెత్తని యజమానికి 12 పణాలు, అద్దెకున్నవానికి 6 పణాలు జరిమానా. రాత్రివేళ గృహస్వాములు తమ ఇంటి ముఖద్వారం దగ్గరే ఉండాలన్న నియమం కూడా అక్కడ కనిపిస్తుంది. తలుపు దగ్గర ఇంటివాడే ఉంటే దొంగను అడ్డుకోవచ్చు, నిప్పు అంటుకుంటే తలుపు తీయవచ్చు. రెండు ధర్మాలనూ ఒక మనిషి నిర్వహించేవాడు కనుక వాటి మధ్య తగవు రాలేదు. ఆ మనిషి స్థానంలోకి యంత్రం వచ్చినప్పుడే సమస్య మొదలైంది.

3. తీగ మీద వెళ్లిన హెచ్చరిక:

దొంగతనం గురించీ, అగ్నిప్రమాదం గురించీ మన సామెతలు రెండూ ఆలస్యాన్నే ఎత్తిచూపుతాయి. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరగడం ఒకటి, ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మరొకటి. హెచ్చరిక సకాలంలో అందకపోవడమే రెండింటిలోనూ ఉన్న బాధ. 19వ శతాబ్దం మధ్యలో విద్యుత్ టెలిగ్రాఫ్ ఈ ఆలస్యాన్ని తగ్గించింది. ఆ పని రెండు రంగాలలోనూ దాదాపు ఒకే సమయంలో, ఒకే ప్రాంతంలో జరిగింది.

1852 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం చానింగ్, మోజెస్ ఫార్మర్ రూపొందించిన అగ్నిప్రమాద టెలిగ్రాఫ్ పనిచేయడం మొదలుపెట్టింది. వీధిలోని పెట్టెలో పిడి తిప్పితే ఆ పెట్టె సంఖ్య కేంద్రానికి చేరుతుంది. మరుసటి ఏడాది, 1853లో, బోస్టన్‌ను ఆనుకొని ఉన్న సోమర్‌విల్ నివాసి ఆగస్టస్ పోప్ విద్యుత్ దొంగ-అలారానికి పేటెంటు పొందాడు. తలుపో కిటికీయో తెరిస్తే వలయం పూర్తయి గంట మోగుతుంది. ఆ హక్కులను ఎడ్విన్ హోమ్స్ 1857లో కొని, తర్వాత న్యూయార్క్‌లో వ్యాపారంగా విస్తరించాడు. తీగ, బ్యాటరీ, అయస్కాంతం, గంట: రెండింటి అంగాలూ ఇవే. ఇవి పుట్టుకతో కవల పిల్లలు.

తొలినాటి బోస్టన్ తరహా అలారం పెట్టెల గురించి ఒక చిన్న విషయం చెప్పుకోవాలి. అల్లరి కోసం ఎవరైనా తిప్పుతారేమోనని వాటికి తాళాలు వేసేవారు. తాళంచెవులు పోలీసుల దగ్గర, ఆ వీధిలోని నమ్మకస్థుల దగ్గర ఉండేవి. నిప్పు చూసినవాడు ముందు తాళంచెవి ఉన్నవాడిని వెదకాలి. ప్రాణాలు కాపాడవలసిన పరికరానికే దుర్వినియోగ భయంతో తాళం పడింది. మా అపార్టుమెంటు గేటు ఈ సంప్రదాయానికి వారసురాలే.

ఈ దశలో అగ్నిరక్షణ ప్రధానంగా ఆస్తిరక్షణగానే ఉండేదన్నది మరువరాదు. 1874లో హెన్రీ పార్మలీ న్యూహేవన్‌లోని తన పియానో కర్మాగారం కోసం స్వయంచాలక స్ప్రింక్లర్‌ను తయారుచేశాడు. దాన్ని మెరుగుపరచి వ్యాప్తిలోకి తెచ్చినవాడు ఫ్రెడరిక్ గ్రిన్నెల్. వాటిని ప్రోత్సహించినవి బీమా సంస్థలు. 1896లో ఏర్పడిన అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం కూడా బీమా, స్ప్రింక్లర్ రంగాలవారు కలిసి పెట్టుకున్నదే. సరుకు కాలకుండా చూడటం వారి లక్ష్యం. ఆ దృష్టిలో దొంగా నిప్పూ ఒకే జాతికి చెందిన శత్రువులు, రెండూ సరుకును మాయం చేసేవే. లోపల ఉన్న మనుషులు ప్రత్యేకంగా లెక్కలోకి రావడానికి మరికొన్ని ఘోరాలు జరగవలసి వచ్చింది.

4. తాళం వేసిన తలుపులు:

1903 డిసెంబర్ 30న షికాగోలోని ఇరోక్వా నాటకశాలలో మధ్యాహ్న ప్రదర్శన జరుగుతోంది. ప్రారంభించి అప్పటికి దాదాపు ఐదు వారాలు. ఏమాత్రం నిప్పంటుకోని భవనమని దానికి ప్రచారం చేశారు. రంగస్థలం మీది దీపం నుంచి తెరకు నిప్పంటుకుంది. దించవలసిన ఆస్‌బెస్టాస్ తెర మధ్యలో ఇరుక్కుంది. మొత్తం 602 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది పై బాల్కనీలలోని స్త్రీలు, పిల్లలు.

ఈ ప్రమాదంలో మనకు ముఖ్యమైనది మెట్లకు అడ్డంగా ఉన్న ఇనుప గేట్లు. ప్రదర్శన మొదలయ్యాక వాటికి తాళం వేసేవారు. చవక టిక్కెట్టు కొన్నవాడు జారుకుని ఖరీదైన సీట్లలోకి చేరకూడదన్నది ఉద్దేశం. అంటే అది చోర నివారణ ఏర్పాటే. బయటికి పోయే తలుపులు కొన్ని పరదాల వెనుక ఉన్నాయి. కొన్నింటికి ప్రేక్షకులెవరికీ తెలియని రకం గడియలు ఉన్నాయి. లోపల అగ్నిప్రమాద అలారం పెట్టె లేదు.

ఆ ప్రదర్శనకు వెళ్లవలసి ఉండి పని ఒత్తిడి వల్ల తప్పించుకున్నవారిలో ఇండియానాపొలిస్‌కు చెందిన కార్ల్ ప్రింజ్లర్ ఒకడు. వానెగట్ హార్డ్‌వేర్ కంపెనీలో విక్రేత. తలుపుల సామాను అమ్మే మనిషి తలుపుల వల్ల జరిగిన చావులను గురించి ఆలోచించాడు. వాస్తుశిల్పి హెన్రీ డుపాంట్‌తో కలిసి తయారుచేయించిన పరికరం 1908లో మార్కెట్లోకి వచ్చింది. వానెగట్, డుపాంట్, ప్రింజ్లర్ పేర్ల నుంచి కూర్చిన 'వాన్ డుప్రిన్' దాని పేరు. నేడు మన మల్టీప్లెక్సుల అత్యవసర ద్వారాలకు అడ్డంగా, నడుము ఎత్తులో కనిపించే ఇనుపకడ్డీ దాని సంతానమే. దీన్ని ప్యానిక్ బార్ అంటారు.

చరిత్రకారులు ఈ పరికరానికి ఇచ్చిన చోటు తక్కువేనని నా అభిప్రాయం. అంతవరకు తాళానికి రెండే స్థితులు: వేసి ఉండటం, తీసి ఉండటం. ప్యానిక్ బార్ తాళానికి దిశను ఇచ్చింది. బయటినుంచి చూస్తే తలుపు తాళం వేసి ఉన్నట్టే. లోపలినుంచి మనిషి దేహం కడ్డీకి తగిలితే చాలు, గడియ వెనక్కి పోతుంది. చెయ్యి పెట్టి తిప్పనవసరం లేదు, చూపు అవసరం లేదు. వెనుకనుంచి జనం తోస్తున్నా ఆ తోపు తలుపు తీయడానికే పనికొస్తుంది. యజమాని కోరిన కాపలా, ప్రేక్షకునికి కావలసిన విడుదల ఒకే తలుపులో ఇమిడాయి. విద్యుత్తు, తీగలు ఏవీ లేకుండానే సమస్య సారం పరిష్కారమైంది. అయినా దాన్ని బిగించమని యజమానులను ఒప్పించడం వేరే కథ.

ఆ కథలోని అతి చేదు ఘట్టం 1911 మార్చి 25న న్యూయార్క్‌లో జరిగింది. ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కర్మాగారం పది అంతస్తుల భవనంలోని చివరి మూడు అంతస్తుల్లో ఉండేది. అక్కడ కుట్టుపని చేసేవారిలో ఎక్కువమంది ఇటలీ నుంచి, తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదు, ఇటాలియన్ కుటుంబాల యువతులు. సాయంత్రం పని ముగిసే వేళకు ఎనిమిదో అంతస్తులో నిప్పు పుట్టింది. అక్కడివారు పదో అంతస్తులోని కార్యాలయానికి టెలిఫోన్‌లో చెప్పగలిగారు. మధ్యలో ఉన్న తొమ్మిదో అంతస్తుకు హెచ్చరిక అందలేదు. అలారం లేదు. నిప్పే వచ్చి వారికి ఆ వార్త చెప్పింది. తొమ్మిదో అంతస్తులోని ఒక మెట్లదారి తలుపుకు తాళం వేసి ఉంది. ఇంటికి పోయే కార్మికురాళ్లు బట్టముక్కలు, రవికెలు దొంగిలించకుండా సంచులు తనిఖీ చేయడానికి ఒకే దారిన పంపే పద్ధతి అది. అగ్నిమాపక దళం నిచ్చెనలు ఆరో అంతస్తు వరకే అందాయి. 146 మంది చనిపోయారు.

మంట ఆరడానికి పట్టిన సమయం 20 నిమిషాలలోపే. తెలుగులో 'గడియ' అంటే 24 నిమిషాల కాలం, తలుపుకు వేసేదీ గడియే. ఈ రెండు అర్థాలూ ఒకచోట కలిసిన సందర్భం ఇంతకంటే నాకు మరొకటి తెలియదు.

యజమానులు మాక్స్ బ్లాంక్, ఐజాక్ హారిస్‌లపై నరహత్య నేరారోపణ జరిగింది. ఆ క్షణంలో తలుపుకు తాళం వేసి ఉన్నదని వారికి తెలుసునని నిరూపణ కాలేదంటూ 1911 డిసెంబర్‌లో జ్యూరీ విడిచిపెట్టింది. 1913లో మరో కర్మాగారంలో పనివేళల్లో తలుపుకు తాళం వేసినందుకు బ్లాంక్ మళ్లీ పట్టుబడ్డాడు. జరిమానా 20 డాలర్లు. దొంగతనం వల్ల తనకు జరిగే నష్టం ఎంతో విచారణలో చెప్పవలసి వచ్చినప్పుడు హారిస్ చెప్పిన లెక్క కూడా పాతిక డాలర్లకు మించలేదు.

ట్రయాంగిల్ తర్వాత న్యూయార్క్ రాష్ట్రం కర్మాగారాల విచారణ సంఘాన్ని నియమించింది. జాతీయ అగ్నిరక్షణ సంఘం 1913లో ప్రాణరక్షణ సమితిని ఏర్పాటు చేసింది. ఆ సమితి కృషి 1927లో భవన నిష్క్రమణ మార్గాల నియమావళిగా వెలువడింది. 1966లో అదే 'లైఫ్ సేఫ్టీ కోడ్' అయింది. మొదట సరుకు, తర్వాత దారి, ఆ తర్వాత ప్రాణం: పేర్లు మారిన వరుసలోనే ఈ శాస్త్రం నడిచిన దారి కనిపిస్తుంది. 1942 నవంబర్‌లో బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్బులో 492 మంది మరణించినప్పుడు కూడా కొన్ని తలుపులకు తాళాలున్నాయి. బిల్లు చెల్లించకుండా ఎవరూ జారుకోకూడదని. అలారం టెలిగ్రాఫ్ పుట్టిన నగరమే అది.

5. ఉపహార్:

భారతదేశంలో ఈ చర్చకు కేంద్రబిందువు ఢిల్లీ గ్రీన్‌పార్క్‌లోని ఉపహార్ సినిమా హాలు. 1997 జూన్ 13, శుక్రవారం. 'బోర్డర్' చిత్రం అదే రోజు విడుదలైంది. కింది అంతస్తు పార్కింగులో ఉన్న విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ ఉదయమే ఒకసారి అంటుకుంది. దానికి హడావుడిగా మరమ్మతు చేశారు. మధ్యాహ్నం ఆట సాగుతుండగా, సుమారు 5 గంటల వేళ మళ్లీ అంటుకుంది. ఆ నిప్పు పార్కింగులోని కార్లకు పాకింది. పొగ మెట్లదారి గుండా బాల్కనీకి ఎక్కింది. 59 మంది ఊపిరాడక మరణించారు. తొక్కిసలాటలో వందమందికి పైగా గాయపడ్డారు.

న్యాయస్థానాల తీర్పులలో నమోదైన వివరాలు చదువుతుంటే ఇరోక్వా నివేదిక చదువుతున్నట్టే ఉంటుంది. 1970వ దశకంలో అదనపు సీట్లకు అనుమతి లభించింది. బాల్కనీ కుడివైపు నడవ మూసుకుపోయింది. యజమానుల కుటుంబం కోసం వేసిన ఎనిమిది సీట్ల బాక్సు ఒక నిష్క్రమణ ద్వారానికి అడ్డమైంది. తలుపులకు గడియలు పెట్టి ఉన్నాయి. అత్యవసర దీపాలు వెలగలేదు. మైకులో ప్రకటన రాలేదు. ఇరోక్వాలో బాల్కనీ చవక టిక్కెట్టు, ఉపహార్‌లో ఖరీదైన టిక్కెట్టు. రెండుచోట్లా అమ్ముడయ్యే ప్రతి సీటూ దారిని కొంత తినేసింది, టిక్కెట్టు లేనివారిని ఆపే గడియ టిక్కెట్టు ఉన్నవారిని ఆపింది.

బాధిత కుటుంబాలు సంఘంగా ఏర్పడి దశాబ్దాలపాటు న్యాయపోరాటం చేశాయి. 2014లో సుప్రీంకోర్టు యజమానుల దోషిత్వాన్ని ఖాయం చేసింది. 2015లో ఇద్దరికీ చెరి 30 కోట్ల రూపాయల జరిమానాతో శిక్షను తేల్చింది. బ్లాంక్ కట్టిన 20 డాలర్ల పక్కన ఇది పెద్ద మొత్తమే. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ పోలికతో సమాధానపడతారని మాత్రం అనుకోలేం.

6. ఎలక్ట్రానిక్ తాళం:

20వ శతాబ్దం రెండవ అర్ధభాగంలో రెండు వ్యవస్థలూ ఎలక్ట్రానిక్ రూపం ధరించాయి. పొగను పసిగట్టే పరికరం పుట్టుక గురించి చెప్పుకొనే కథ ఆసక్తికరం. 1930వ దశకంలో స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ యేగర్ విషవాయువును గుర్తించే పరికరం కోసం ప్రయత్నిస్తున్నాడు. వాయువుకు మీటరు కదలలేదు. విసిగి సిగరెట్టు ముట్టించాడు, మీటరు కదిలింది. దాని ఆధారంగా ఎర్నెస్ట్ మైలీ ఆచరణయోగ్యమైన పరికరాన్ని రూపొందించాడు. ఇంట్లో బిగించుకొనే చవక పరికరాలు రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

కాపలా పక్షాన ప్రస్తావించవలసిన పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో నర్సు. పిలిస్తే పోలీసులు సకాలంలో రాని వాడ ఆమెది. తలుపుకు నాలుగు రంధ్రాలు, వాటి మధ్య కదిలే కెమెరా, పడకగదిలో తెర, మాట్లాడే సదుపాయం: ఈ ఏర్పాటుకు 1966లో భర్తతో కలిసి దరఖాస్తు చేసి 1969లో పేటెంటు పొందింది. గృహ సీసీటీవీకి మూలపురుషులలో ఆమెను చెప్తారు, మూలస్త్రీ అనాలేమో. ఆమె రూపకల్పనలో దూరం నుంచే తాళం తీసే మీట కూడా ఉంది. ఎవరిని ఆపాలో చూడటంతోపాటు ఎవరికి తలుపు తీయాలో కూడా ఆమె ఆలోచించింది.

నేటి కార్యాలయాల గాజుతలుపులకు పైన ఉండే అయస్కాంత తాళాన్ని చాలామంది చూసే ఉంటారు. కార్డు చూపితే 'టక్' మని విడుతుంది. కరెంటు ప్రవహిస్తున్నంతసేపే అది పట్టు. సాధారణ రకాలు సుమారు 270 కిలోల లాగుడును తట్టుకుంటాయి, పెద్దవి దానికి రెట్టింపు. కరెంటు పోతే తెరుచుకొనే తాళం ఒక జాతి, కరెంటు పోయినా మూసే ఉండే తాళం మరొక జాతి. మనుషులు బయటికి పోవలసిన దారిలో మొదటి జాతిదే ఉండాలి. అంతేకాక అగ్నిప్రమాద ప్యానెల్ నుంచి ఒక తీగ వచ్చి తాళానికి వెళ్లే కరెంటును తెంచాలి. పొగ పసిగట్టగానే ఎవరూ ఆజ్ఞాపించకుండా తలుపులు విడిపోతాయి. ప్యానిక్ బార్ సాధించిన పనిని విద్యుత్తుతో సాధించడమే ఇది.

మన ప్రాంతంలో దీనికి ఒక విఘ్నం ఉంది. కరెంటు తరచుగా పోయే చోట, పోయినప్పుడల్లా తలుపు తెరుచుకుంటే కాపలా ఏమైనట్టు అని యజమాని అడుగుతాడు. బిగించేవాడు బ్యాటరీ కలుపుతాడు. ఇక కరెంటు పోయినా తాళం విడవదు. ప్యానెల్ నుంచి రావలసిన తీగ వేరే గుత్తేదారు పని. కెమెరాలు, తాళాలు ఒకరివి, పొగ పరికరాలు, స్ప్రింక్లర్లు మరొకరివి. ఆ ఒక్క తీగ ఎవరి అంచనాలోనూ ఉండదు. పక్కపక్కనే పుట్టిన రెండు వ్యవస్థల మధ్య చాలా భవనాల్లో మిగిలిన ఖాళీ అదే. భారత జాతీయ భవన నియమావళి నిష్క్రమణ ద్వారాలు తాళంచెవి అవసరం లేకుండా లోపలినుంచి తెరుచుకోవాలని చెప్తుంది. అయస్కాంతం కూడా తాళమేనని, కార్డు కూడా తాళంచెవేనని మనం ఇంకా అలవాటు పడలేదు.

7. తెలుగు రాష్ట్రాలు - రెండు చట్టాలు:

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండు వ్యవస్థలకు వేరువేరు చట్టాలు వచ్చాయి. 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రాన్ని తప్పనిసరి చేసింది. వాణిజ్య భవనాలకు 15 మీటర్లు, నివాస భవనాలకు 18 మీటర్ల ఎత్తును ప్రధాన కొలమానంగా తీసుకున్నారు. జనం గుమిగూడే భవనాలకు వేరే కొలతలున్నాయి. 2013లో ప్రజాభద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి 100 మంది లేదా అంతకు మించి చేరే సంస్థలు సీసీటీవీ కెమెరాలు, ప్రవేశ నియంత్రణ ఏర్పాటు చేసుకోవాలని, చిత్రాలను 30 రోజులు భద్రపరచాలని దాని సారం. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగింది కూడా ఆ ఏడాది ఫిబ్రవరిలోనే.

మొదటి చట్టం భవనాన్ని మీటర్లలో కొలిచింది, రెండవది మనుషుల సంఖ్యతో. పొగకు మాత్రం భవనం ఎత్తుతో కంటే మెట్ల వెడల్పుతో ఎక్కువ పని. రెండవ చట్టం ఎక్కువ తేలికగా ఆచరణలోకి వచ్చిందనడానికి వీధిలోకి చూస్తే చాలు. కెమెరా లేని దుకాణం నేడు అరుదు. యజమానికి దానివల్ల రోజూ లాభముంది, గల్లాపెట్టె మీద కన్నుంటుంది, పనివారి మీద కన్నుంటుంది. రెండవ మెట్లదారి వల్ల యజమానికి రోజూ కలిగేది నష్టమే, అద్దె రాని చోటు అది.

2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ చికిత్సా కేంద్రంగా మారిన హోటల్లో 10 మంది మరణించారు. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల దుకాణం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది మరణించారు. 2023 మార్చి 16న అదే నగరంలోని స్వప్నలోక్ కాంప్లెక్స్ ఐదో అంతస్తులో ఊపిరాడక ఆరుగురు యువతీయువకులు మరణించారు. ప్రధాన హంతకి పొగ. ఈ భవనాలన్నీ జనసంచారం ఎక్కువగా ఉన్నవే.

2025 మే 18 ఉదయం హైదరాబాద్ పాతబస్తీలోని గుల్జార్‌హౌజ్‌లో జరిగినది వీటికి భిన్నం. కింద నగల దుకాణాలు, పైన ఉమ్మడి కుటుంబం నివాసం. ఒకే కుటుంబానికి, వారి బంధువులకు చెందిన 17 మంది మరణించారు, వారిలో 8 మంది పిల్లలు. వీధిలోనుంచి ఇరుకైన దారి, పైకి ఒకే ఇరుకు మెట్లవరుస. కింది అంతస్తు మీద రెండే అంతస్తులు గనుక 15, 18 మీటర్ల కొలమానంలోకి అది రాదు. విలువైన సరుకున్న వ్యాపారవీధుల్లో శతాబ్దాలుగా ఇళ్లు కట్టిన తీరే అది: బయటికి ఒక్క వాకిలి, గట్టి గోడలు. దొంగల కాలంలో అది మంచి వాస్తు.

అలాంటి వీధులే కాదు, మన ఇళ్లన్నింటికీ కిటికీలకు కదలని ఊచలున్నాయి. గ్రామాల్లో పెంకుటింటికి కూడా ఊచలు పెట్టడం ఇల్లు కట్టే మేస్త్రీకి ఎవరూ చెప్పనవసరం లేని పని. లోపలినుంచి తెరుచుకొనే ఊచల చట్రం తయారుచేయడం వెల్డింగు దుకాణంవాడికి కష్టం కాదు. ఒక కీలు, ఒక గడియ చాలు. అడిగేవారు లేరు. నేను అడిగినప్పుడు మా ఊరి వెల్డరు "దొంగకు కూడా తెలుస్తుంది కదండీ" అన్నాడు. ఆయన ఆక్షేపణ సమంజసమైనదే. లోపలినుంచి మాత్రమే చెయ్యి చేరేలా గడియకు రేకు తొడిగి, రెండు రోజుల్లో చేసిచ్చాడు.

అపార్టుమెంటు గేటు సంగతి అంత త్వరగా తేలలేదు. మూడు సమావేశాల తర్వాత తాళంచెవిని గేటు లోపలి వైపు గోడకు, పగలగొట్టదగిన గాజుపెట్టెలో వేలాడదీయడానికి ఒప్పుకున్నారు. ఎక్కడుందో తెలియాలని ప్రతి అంతస్తులోనూ కాగితం అంటించాం. పై అంతస్తులో అద్దెకు కొత్తగా దిగిన కుటుంబానికి తెలుగు చదవడం రాదు. వారికి చూపించి చెప్పే పని వాచ్‌మన్‌కు అప్పగించారు.